పదహారు ప్లాస్టర్ బొమ్మలు: చూపు పోయాక జోసెఫ్ ప్లాటో కన్న కల

గుండ్రటి పళ్లెం అంచు పొడవునా 16 చిన్న బొమ్మలు ఉంటాయి. అన్నీ ఒకే మనిషివి. ఒకదానికంటే తర్వాతిదానిలో కాలు కాస్త పైకి లేస్తుంది, చెయ్యి కాస్త కిందికి దిగుతుంది. అడుగున ఉన్న మోటార్ ఆ పళ్లేన్ని సెకనుకు ఒక చుట్టు చొప్పున తిప్పుతుంది. మామూలు వెలుతురులో చూస్తే బొమ్మలన్నీ కలిసిపోయి మసక పట్టీలా కనిపిస్తాయి. గదిలో దీపాలు ఆర్పేసి, సెకనుకు 16 సార్లు మెరిసే స్ట్రోబ్ లైటు వేస్తే కథ మారిపోతుంది. పళ్లెం ఆగిపోయినట్టు ఉంటుంది. బొమ్మలు మాత్రం ఉన్నచోటే నడవడం మొదలుపెడతాయి.

దీన్ని త్రీడీ జోట్రోప్ అంటారు. జపాన్‌లో గిబ్లీ మ్యూజియంలో ఎగిరి గెంతే టోటోరో బొమ్మలు, అది చూసి ముచ్చటపడి అమెరికాలో పిక్సార్ సంస్థ చేయించుకున్న టాయ్ స్టోరీ బొమ్మలు ఈ కోవలోవే. త్రీడీ ప్రింటర్లు, లేజర్ కటింగ్ యంత్రాలు కాలేజీ ల్యాబుల దాకా వచ్చాక ఇలాంటిది సొంతంగా తయారు చేసుకోవడం విద్యార్థులకూ సాధ్యమైంది.

కానీ ఈ ఆలోచన కొత్తది కాదు. ఒక కదలికను 16 దశలుగా విడగొట్టి, ఒక్కో దశకు ఒక్కో ప్లాస్టర్ బొమ్మ చేసి, వాటిని తిరిగే చక్రంతో కలిపి చూడవచ్చని 1849లోనే ఒక బెల్జియం భౌతికశాస్త్ర ఆచార్యుడు రాశారు. చాలా శ్రమ పడాలని, అయినా ఫలితం అద్భుతంగా ఉంటుందని ఆయన అంచనా. అప్పటికే ఆయనకు చూపు దాదాపు పూర్తిగా పోయింది. ఆయన పేరు జోసెఫ్ ప్లాటో. గ్రీకు తత్వవేత్త ప్లేటో వేరు, ఈయన వేరు. 2019 అక్టోబర్ 14న గూగుల్ హోమ్ పేజీలో గుండ్రంగా తిరిగిన బొమ్మల డూడుల్ ఈయన 218వ జయంతి సందర్భంగా పెట్టిందే.

పూలు గీసే తండ్రి, లాయరు మేనమామ

ప్లాటో 1801 అక్టోబర్ 14న బ్రస్సెల్స్‌లో పుట్టారు. అప్పటికి బెల్జియం అనే దేశం లేదు. ఆ ప్రాంతం ఫ్రాన్స్ పాలనలో ఉండేది. 1815లో డచ్ రాజ్యంలో కలిసి, 1830లో స్వతంత్ర దేశమైంది. తండ్రి పూల చిత్రాలు గీసే చిత్రకారుడు. కొడుకు కూడా కుంచె పట్టాలన్న ఉద్దేశంతో బ్రస్సెల్స్‌లోని కళా అకాడమీలో చేర్పించారు.

పద్నాలుగేళ్లకే జోసెఫ్ తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నారు. లాయరైన మేనమామ చేరదీశారు. దాంతో దారి బొమ్మల నుంచి చట్టం వైపు మళ్లింది. 1822లో లియేజ్ విశ్వవిద్యాలయంలో చేరాక ఆ దారి మరోసారి మళ్లి గణితం, భౌతికశాస్త్రాల దగ్గర స్థిరపడింది. పోషణ కోసం కొంతకాలం గణితం బోధిస్తూనే చదువు పూర్తి చేశారు.

ఈ మలుపు వెనక ప్రధానంగా ఉన్నది ఆయన గురువు అడాల్ఫ్ క్వెట్‌లెట్. ఇవాళ డాక్టర్లు బరువు, ఎత్తు చూసి లెక్కగట్టే బీఎంఐ సూత్రం ఈ క్వెట్‌లెట్‌దే. తర్వాతి కాలంలో ఆయన శిష్యుడికి మిత్రుడయ్యారు. శిష్యుడి తొలి పరిశోధనలను తను నడిపే పత్రికలో అచ్చు వేశారు.

1829లో ప్లాటో డాక్టరేట్ కోసం సమర్పించిన సిద్ధాంత గ్రంథం ముప్ఫై పేజీలు కూడా లేదు. కంటి మీద వెలుగు వేసే ముద్ర గురించి అందులో రాశారు. ఒక వస్తువు కళ్ల ముందు నుంచి తప్పుకున్న తర్వాత కూడా దాని ముద్ర కొంతసేపు నిలుస్తుందన్నది పాత సంగతే. చీకట్లో కొరివి తిప్పితే నిప్పు చక్రం కనిపించడం అందరూ చూసిందే. అది ఎంతసేపు నిలుస్తుంది, ఏ రంగుకు ఎంత తేడా ఉంటుందన్నది ప్లాటో కొలిచారు. సగటున సెకనులో సుమారు మూడో వంతు అని తేల్చారు.

చీలికలోంచి చూపు

ఆ రోజుల్లో తిరిగే చక్రాల చుట్టూ యూరప్ శాస్త్రవేత్తలకు పెద్ద ఆసక్తి ఉండేది. ఒకదాని వెనక ఒకటి వేర్వేరు వేగాలతో తిరిగే రెండు పళ్ల చక్రాలను చూస్తే, లేని మూడో చక్రం ఒకటి నిదానంగా తిరుగుతున్నట్టు, లేదా నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో మైఖేల్ ఫారడే 1831లో దీని మీద ఒక వ్యాసం ప్రచురించారు. అంతకుముందే తాను ఇలాంటివి గమనించి రాశానని ప్లాటో తెలియజేశారు. ఫారడే ఆ మాటను ఒప్పుకున్నారు.

ఇలాంటి భ్రమ మనకూ తెలుసు. పాత పౌరాణిక సినిమాల్లో రథం ముందుకు ఉరుకుతుంటే చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. కెమెరా చక్రాన్ని ఎడతెగకుండా చూడదు. సెకనుకు 24 సార్లు మాత్రమే చూస్తుంది. రెండు చూపుల మధ్య చక్రం ఆకులు ఎంత జరిగాయన్నదాన్ని బట్టి ముందుకో వెనక్కో తిరిగినట్టు అనిపిస్తుంది.

ఈ భ్రమను ప్లాటో ఒక పనిముట్టుగా మార్చారు. 1832 చివర్లో తయారు చేసిన ఆయన పరికరం చూడటానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. ఒక అట్ట చక్రం, దాని అంచున సమాన దూరంలో 16 సన్నటి చీలికలు, వాటికి సరిపడా 16 బొమ్మలు. గిరగిరా తిరిగే నర్తకుడి 16 భంగిమలను ఆయనే గీశారు. కళా అకాడమీలో నేర్చుకున్న విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. బొమ్మలున్న వైపు అద్దానికి ఎదురుగా పెట్టి, చక్రాన్ని తిప్పుతూ వెనక నుంచి చీలికల్లోకి చూడాలి. అద్దంలో నర్తకుడు తిరుగుతాడు. ఫెనాకిస్టిస్కోప్ అన్న పేరుతో చరిత్రలో నిలిచింది ఇదే.

ఇందులో అసలు కిటుకు బొమ్మల్లో లేదు, చీలికలో ఉంది. బొమ్మలను వేగంగా తిప్పడం ఎవరైనా చేయగలరు. అలా చేస్తే మిగిలేది మసకే. కంటిలో ముద్ర నిలిచిపోవడం వల్లే బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి అలికినట్టవుతాయి. చీలిక చేసే పని చూపును అడ్డుకోవడం. బొమ్మ సరైన చోటికి వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం చూడనిచ్చి, అది జరిగిపోయేంతసేపూ కళ్లకు అట్ట అడ్డం పెడుతుంది. మధ్యలో ఆ చీకటి ఉంది కాబట్టే కదలిక పుడుతుంది. తర్వాతి కాలంలో సినిమా ప్రొజెక్టర్‌లో షట్టర్ చేసిందీ ఇదే. ఇవాళ్టి స్ట్రోబ్ లైటు కూడా ఇదే పని చేస్తోంది. కాకపోతే కంటికి అడ్డం పెట్టే బదులు వెలుగునే ఆపి వదులుతుంది.

కదలిక ఎందుకు కనిపిస్తుందన్న వివరణ మాత్రం తర్వాత మారింది. కంటిలో ముద్ర నిలవడమే కారణమని ప్లాటో కాలంలో అనుకున్నారు. విడివిడి చిత్రాల మధ్య కదలికను కల్పించుకునేది మెదడేనని 1912లో మాక్స్ వెర్తైమర్ ప్రయోగాల తర్వాత మనస్తత్వ శాస్త్రవేత్తలు గుర్తించారు.

సరిగ్గా అదే సమయంలో వియన్నాలో సైమన్ స్టాంఫర్ అనే ఆచార్యుడు కూడా ఇలాంటి చక్రాన్నే తయారు చేశారు. స్ట్రోబోస్కోప్ అన్న మాట ఆయన పెట్టిన పేరు నుంచే వచ్చింది. ఎవరు ముందన్న పేచీ పెద్ద గొడవగా మారాల్సిందే. కానీ తానూ అదే సమయంలో కనిపెట్టానన్న స్టాంఫర్ మాటను నమ్ముతున్నానని ప్లాటో రాశారు. స్టాంఫర్ పేటెంట్ లాంటి హక్కు తీసుకున్నారు. ప్లాటో తీసుకోలేదు. 1833లో పారిస్, లండన్ వ్యాపారులు ఈ చక్రాలను బొమ్మల దుకాణాల్లో అమ్మేశారు. ప్లాటో లండన్‌లోని అకెర్‌మన్ సంస్థకు తనే ఆరు చక్రాలు రూపొందించి ఇవ్వడంతో సరిపెట్టుకున్నారు.

మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో విలియం జార్జ్ హార్నర్ ఆ చక్రాన్ని డబ్బా రూపంలోకి మార్చారు. బొమ్మల పట్టీ లోపల, చీలికలు చుట్టూ. అద్దం అక్కర్లేదు, పదిమంది కలిసి చూడొచ్చు. 1860లలో ఇదే జోట్రోప్ పేరుతో అమెరికాలో, యూరప్‌లో ఇంటింటి ఆటవస్తువైంది.

ప్లాటోకు అది ఆటవస్తువు మాత్రమే కాదు. వేగంగా కంపించే, తిరిగే వస్తువులను చీలికల చక్రంలోంచి చూసి, వాటిని ఆపినట్టుగా పరిశీలించవచ్చని 1836లో వివరించారు. ఫ్యాక్టరీల్లో యంత్రాన్ని ఆపకుండానే దాని వేగాన్ని స్ట్రోబ్ లైటుతో కొలిచే పద్ధతి ఈ సూత్రం మీదే నడుస్తోంది.

సూర్యుడి కథలో నిజమెంత

ప్లాటో గురించి ఎక్కువగా చెప్పుకునే కథ ఒకటి ఉంది. 1829లో ఒక ప్రయోగం కోసం ఆయన సుమారు 25 సెకన్ల పాటు రెప్ప వేయకుండా నడినెత్తి సూర్యుణ్ని చూశారని, అందువల్లే గుడ్డివారయ్యారని, విజ్ఞానం కోసం కళ్లు అర్పించారని ఆ కథ సారాంశం. మొదటి సగం నిజం. సూర్యుణ్ని చూశారు. కొన్నాళ్ల పాటు చూపు దెబ్బతింది. తన అంధత్వానికి అదే కారణమని ఆయన కూడా నమ్మారు.

అయితే తేదీలు చూస్తే అనుమానం వస్తుంది. ఆ సంఘటన తర్వాత చూపు తిరిగి వచ్చింది. చక్రం మీద నర్తకుడి భంగిమలను గీసింది దాని తర్వాతే. 1835లో గెంట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా చేరి ప్రయోగాలు కొనసాగించారు. 1840లో ఫానీ క్లావరోను పెళ్లి చేసుకున్నారు. ఒక కొడుకు పుట్టాడు. కళ్లలో తీవ్రమైన వాపు మొదలైంది ఆ తర్వాతే. 1843 నాటికి చూపు పోయింది. అంటే సూర్యుడికీ అంధత్వానికీ మధ్య 14 ఏళ్లు గడిచాయి.

సూర్యకాంతి వల్ల జరిగే నష్టం రెటీనా మధ్య భాగంలో, గంటల నుంచి రోజుల వ్యవధిలో కనిపిస్తుంది. ఏళ్ల తర్వాత రెండు కళ్లనూ పూర్తిగా ఆర్పేయడం దాని తీరు కాదు. ఆయన జబ్బు లక్షణాలను తిరిగి పరిశీలించిన కంటి వైద్యులు యువైటిస్ అనే దీర్ఘకాలిక వాపు వైపే మొగ్గు చూపారు. అంతమాత్రాన సూర్యుణ్ని నేరుగా చూడటం క్షేమమని అర్థం కాదు. గ్రహణాల సమయంలో డాక్టర్లు చేసే హెచ్చరికలో అతిశయోక్తి లేదు.

త్యాగం కథ వినడానికి బాగానే ఉంటుంది. కానీ దాని వల్ల ఒక నష్టం జరుగుతోంది. ప్లాటో జీవితం 1843లో ముగిసిపోయినట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ తర్వాత ఆయన 40 ఏళ్లు బతికారు. గణితంలో, భౌతికశాస్త్రంలో ఇవాళ ఆయన పేరుతో ఉన్న విషయాల్లో చాలా భాగం ఆ 40 ఏళ్లవే.

మరొకరి కళ్లతో

అంధుడైన ఆచార్యుణ్ని గెంట్ విశ్వవిద్యాలయం ఇంటికి పంపేయలేదు. పదవిలో కొనసాగించింది. ప్రయోగాల పద్ధతే మారింది. ఏం చేయాలో, ఏం చూడాలో ప్లాటో చెప్పేవారు. భార్య ఫానీ, కొడుకు ఫెలిక్స్, వాన్ డెర్ మెన్స్‌బ్రుగే వంటి సహచరులు చేసి, చూసి, వర్ణించేవారు. వాళ్ల మాటల నుంచి ఆయన ఆకారాన్ని మనసులో కట్టుకుని, తర్వాతి ప్రశ్న వేసేవారు.

చూపు పోకముందే మొదలుపెట్టిన ఒక ప్రయోగం దీనికి పునాది. నీళ్లు, ఆల్కహాల్ తగు పాళ్లలో కలిపి, అందులో అంతే సాంద్రత ఉన్న నూనె వదిలితే, ఆ నూనె తేలదు, మునగదు. మధ్యలో గుండ్రటి బంతిలా నిలుస్తుంది. బంతిలోంచి ఒక కడ్డీ దూర్చి తిప్పితే ధ్రువాల దగ్గర చదునవుతుంది. వేగం పెంచితే శనిగ్రహం చుట్టూ ఉన్నట్టు వలయమే విడిపోతుంది. బరువు ప్రభావం లేనప్పుడు ద్రవం తనంతట తాను ఏ ఆకారం తీసుకుంటుందన్నదే ఆయన ప్రశ్న.

అక్కడి నుంచి సబ్బు పొరల వైపు వెళ్లారు. తీగలతో ఘనం, పట్టకం లాంటి చట్రాలు చేసి, గ్లిజరిన్ కలిపిన సబ్బు నీళ్లలో ముంచి తీస్తే లోపల పొరలు ఏర్పడతాయి. చూసినవారు చెప్పిన వేల వివరాల్లోంచి ఆయన కొన్ని సూత్రాలు తీశారు. సబ్బు పొరలు ఎప్పుడు కలిసినా ఒక అంచు దగ్గర మూడే కలుస్తాయి, వాటి మధ్య కోణం 120 డిగ్రీలు. అంచులు కలిసే చోట నాలుగే కలుస్తాయి, వాటి మధ్య కోణం సుమారు 109.5 డిగ్రీలు. గిన్నెలు తోమేటప్పుడు నురుగును దగ్గరగా చూస్తే ఈ లెక్క ఎవరికైనా కనిపిస్తుంది.

పంపు నుంచి సన్నగా పడే నీటి ధార కొంత దూరం పోయాక చుక్కలుగా ఎందుకు తెగుతుందన్నదీ ఆయన పట్టుకున్న సంగతే. స్తంభంలా ఉన్న ద్రవం పొడవు దాని చుట్టుకొలతను మించితే నిలవలేదని ఆయన తేల్చారు. తర్వాత ఇంగ్లండ్‌లో లార్డ్ రేలీ దానికి గణిత రూపం ఇచ్చారు. ఇంక్‌జెట్ ప్రింటర్లు తయారు చేసేవారికి ఈ ఇద్దరి పేర్లూ పరిచయమే. అదే ధార మీద స్ట్రోబ్ లైటు వేస్తే చుక్కలు గాలిలో నిలిచిపోయినట్టు కనిపిస్తాయి. ప్లాటో జీవితంలోని రెండు సగాలూ ఆ ఒక్క ప్రదర్శనలో కలుస్తాయి.

ఈ పరిశోధనంతా 1873లో రెండు సంపుటాల గ్రంథంగా వెలువడింది. దాన్ని నేచర్ పత్రికలో సమీక్షించింది జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్. గ్రంథం మీద రచయితగా ఉన్నది ఒక్క పేరే. దాని వెనక తీగల చట్రాలు ముంచిన చేతులు, పొరలు పగిలేలోపు చూసి చెప్పిన కళ్లు చాలామందివి. ఫానీ పేరు ఇవాళ ప్లాటో జీవిత కథల్లో ఒక వాక్యానికి మించి కనిపించదు.

పదహారు బొమ్మల లెక్క

ఇక 1849 నాటి ఆలోచన దగ్గరికి వద్దాం. రెండు కళ్లకు రెండు చిత్రాలు చూపించి లోతు పుట్టించే స్టీరియోస్కోప్‌ను ఇంగ్లండ్‌లో చార్లెస్ వీట్‌స్టన్ అప్పటికే కనిపెట్టారు. దాన్ని ప్లాటో చక్రంతో కలిపితే బొమ్మ కదలడమే కాదు, నిజమైన వస్తువులా కనిపిస్తుందని ఆయన సూచించారు. చిన్న విగ్రహాలను వాడవచ్చని కూడా అన్నారు. 16 ప్లాస్టర్ నమూనాలు చేయాలన్న ప్లాటో ప్రతిపాదన దానికి కొనసాగింపు. వారిద్దరూ అది చేయలేదు. 1887లో ఫ్రాన్స్‌లో ఎటియెన్ జూల్స్ మారే ఎగిరే పక్షి దశలను బొమ్మలుగా పోత పోయించి పెద్ద జోట్రోప్‌లో అమర్చి చూశారు. ప్లాటో 1883 సెప్టెంబర్ 15న గెంట్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 81.

ప్లాటో భయపడిన శ్రమ ఒక్కటే. ఒకే మనిషిని 16 సార్లు, ప్రతిసారీ కొలిచినట్టు కొద్దిపాటి తేడాతో చెక్కడం. చేతితో అది నెలల పని. ఇప్పుడు కంప్యూటర్‌లో ఒక బొమ్మను కదిలించి, 16 చోట్ల ఆపి, ఒక్కో దశను త్రీడీ ప్రింటర్‌కు పంపితే చాలు. చక్రాన్ని, బొమ్మల పాదాలు దిగే గాడులను లేజర్ కచ్చితంగా కోస్తుంది.

మిగిలేది వెలుగు లెక్క. సెకనుకు ఎన్ని బొమ్మలు ఒక చోటు దాటుతాయో అన్ని మెరుపులు కావాలి. లెక్క కొంచెం తప్పినా బొమ్మలు మెల్లగా పక్కకు జారతాయి. మోటార్ వేగాన్ని నమ్ముకునే బదులు చక్రానికి అయస్కాంతం, పక్కన సెన్సర్ పెట్టి, చక్రం స్థానాన్ని బట్టి లైటు వెలిగేలా చేస్తే ఈ చిక్కు ఉండదు. మెరుపు నిడివి ఇంకా ముఖ్యం. 30 సెంటీమీటర్ల చక్రం సెకనుకు ఒక చుట్టు తిరిగితే, దాని అంచు సెకనులో వెయ్యో వంతులో దాదాపు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. మెరుపు అంతకంటే ఎక్కువసేపు ఉంటే బొమ్మ అంచులు అలికినట్టవుతాయి. చీలిక వెడల్పయితే బొమ్మ మసకబారుతుందన్న ప్లాటో కాలపు సమస్యే ఇది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. సెకనుకు 15 నుంచి 25 సార్లు మెరిసే వెలుగు, కాంతి వల్ల మూర్ఛ వచ్చే స్వభావం ఉన్నవారికి ప్రమాదకరం. కాలేజీ ప్రదర్శనల్లో ఇలాంటిది పెడితే గది బయటే ఆ మాట రాసి పెట్టాలి. తిరిగే యంత్రాలున్న చోట మరో ప్రమాదమూ ఉంది. మిణుకుమనే వెలుతురులో తిరుగుతున్న చక్రం ఆగినట్టు కనిపించవచ్చు. అందుకే లేత్ మెషిన్ల మీద పడే దీపాల విషయంలో జాగ్రత్తలు తీసుకుంటారు.

ప్లాటో వదిలి వెళ్లిన సబ్బు పొరల ప్రశ్నలు గణిత శాస్త్రవేత్తలకు చాలా కాలం పని పెట్టాయి. ఇచ్చిన అంచుకు అతి తక్కువ వైశాల్యం ఉన్న పొర ఎప్పుడూ ఉంటుందా అన్నదానికి ప్లాటో సమస్య అనే పేరు పడింది. 1930ల మొదట్లో దానికి పరిష్కారం చూపిన ఇద్దరిలో ఒకరైన జెస్సీ డగ్లస్, 1936లో మొదటిసారి ఇచ్చిన ఫీల్డ్స్ మెడల్ అందుకున్నారు. పొరల కోణాల సూత్రాలను జీన్ టేలర్ 1976లో గణితపరంగా నిరూపించారు. చూడలేని మనిషి చెప్పిన లెక్క సరైనదేనని తేలడానికి వందేళ్లు పట్టింది.

స్ట్రోబ్ లైటు కింద నడిచే బొమ్మకు మరో లెక్క ఉంది. ఒక్కో మెరుపు సెకనులో వెయ్యో వంతు ఉంటే, 16 మెరుపులకు సెకనులో వెలుగు ఉండేది వెయ్యింట 16 వంతులే. మిగతా 984 వంతులూ చీకటే. బొమ్మ తెరిపి లేకుండా నడిచిందని చూసినవాళ్లందరూ చెబుతారు.